యాప్య దాంపత్యం: దీర్ఘవ్యాధి, ఇచ్చిన మాట, శుశ్రూష – ‘ది వెస్ట్ వింగ్’ ధారావాహిక ఆధారంగా ఒక నైతిక విచారం

‘ఆధివ్యాధులు’ అనే మాటను తెలుగులో ఎప్పుడూ జంటగానే వాడతాం. ఆధి అంటే మనోవ్యథ అనీ, వ్యాధి అంటే దేహబాధ అనీ నిఘంటువులు అర్థం చెబుతాయి. వాడుకలో ఈ రెండూ ఒకే మనిషికి కలిగే కష్టాలుగా స్ఫురిస్తాయి. దీర్ఘవ్యాధి తిష్ఠ వేసిన ఇంట్లో మాత్రం ఈ జంట విడిపోతుంది. వ్యాధి ఒకరి దేహంలో ఉంటుంది, ఆధి ఇంకొకరి మనసులో కాపురం పెడుతుంది. రోగికి లేని దిగులు భార్యకో భర్తకో ఉంటుంది. రోగి మరచిపోయిన మాత్రను వారు గుర్తు పెట్టుకుంటారు. రోగి ‘బాగానే ఉన్నాను’ అన్నప్పుడు ఆ మాటను నమ్మాలో, ఆ నడకను నమ్మాలో తేల్చుకోలేక నలుగుతారు. ఇలాంటి స్థితిలో ఆ రోగం ఎవరిది? దాని గురించి నిర్ణయించే హక్కు ఎవరికి ఉంది? దేహం ఎవరిదో రోగమూ వారిదే అనడం సులభం. ఆ సులభమైన సమాధానం దాంపత్యానికి ఎంతవరకు సరిపోతుందో చూడడం ఈ వ్యాసం పని.

విచారానికి ఆధారంగా తీసుకున్నది అమెరికా టెలివిజన్ ధారావాహిక ‘ది వెస్ట్ వింగ్’. ఆరన్ సోర్కిన్ రూపొందించిన ఈ ధారావాహిక 1999 సెప్టెంబరు నుంచి 2006 మే వరకు ఎన్‌బీసీ ఛానల్‌లో ఏడు భాగాలుగా ప్రసారమైంది. మొదటి నాలుగు భాగాల తర్వాత సోర్కిన్ తప్పుకున్నాడు. ఇది కుటుంబ కథ కాదు. అమెరికా అధ్యక్ష కార్యాలయంలో రోజువారీ రాజకీయం ఎలా నడుస్తుందో చెప్పే కథ. మరి దాంపత్యాన్ని గురించిన విచారానికి దీన్ని ఎందుకు ఎంచుకోవాలి? రోగం, సేవ, త్యాగం తామే ఇతివృత్తమైన కథల్లో రచయిత మొదటి దృశ్యం నుంచే మనల్ని కన్నీటికి సిద్ధం చేస్తాడు. ఇక్కడ అలాంటి సిద్ధపాటు లేదు. రోగం పనుల మధ్య, ప్రసంగాల మధ్య, ఎన్నికల లెక్కల మధ్య తలెత్తి మళ్లీ కనుమరుగవుతుంది. నిజ జీవితంలో దీర్ఘవ్యాధి ఉండే తీరు కూడా ఇదే.

కథలోని అధ్యక్షుడు జోసయా బార్ట్‌లెట్. ఆ పాత్రను మార్టిన్ షీన్ పోషించాడు. భార్య ఆబిగెయిల్‌గా స్టాకర్డ్ చానింగ్ నటించింది. ఆమె వైద్యురాలు. బార్ట్‌లెట్‌కు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. శరీర రక్షణ వ్యవస్థే నాడీ తంతువుల మీది పొరను దెబ్బతీసే వ్యాధి ఇది. అతనిలో ఇది తిరగబెడుతూ, మధ్యలో తెరిపి ఇస్తూ వచ్చే రకం. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు, తిరగబెట్టడాన్ని తగ్గించే మందులు మాత్రం ఉన్నాయి. ఎన్నికల్లో నిలబడక ముందే రోగం సంగతి దంపతులకు తెలుసు. దేశానికి చెప్పలేదు. మొదటి భాగంలో, పార్లమెంటును ఉద్దేశించి ఏటా చేసే ప్రసంగానికి ముందు అతడు కుప్పకూలిపోతాడు. ఆ సందర్భంలోనే చిరకాల మిత్రుడు లియోకు, ప్రేక్షకుడికి విషయం తెలుస్తుంది. రెండో భాగం ఆరంభంలో కాల్పుల్లో గాయపడిన భర్తను శస్త్రచికిత్సకు తీసుకువెళ్తున్నప్పుడు, మత్తు ఇచ్చే వైద్యుడిని ఆబిగెయిల్ పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పవలసి వస్తుంది. లోకంలో పద్నాలుగు మందికి మాత్రమే తెలిసిన రహస్యం అది. వినబోతున్న ఈ వైద్యుడు పదిహేనో వాడు.

ఆ దృశ్యంలో నన్ను ఆపేది ఆ లెక్క. ఒక భార్య తన భర్త రోగం ఎందరికి తెలుసో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బతుకుతోందన్నమాట. ఇందాక ఆధి అన్నది దీన్నే.

కథలో ఇంకో సంగతి కూడా ఉంది. అధ్యక్ష పదవికి పోటీ చేసేటప్పుడు బార్ట్‌లెట్ భార్యకు ఒక మాట ఇచ్చాడు: ఒకే ఒక్క పదవీకాలం, ఆ తర్వాత ఇంటికి. అందుకే ఆమె ఒప్పుకొంది. రెండో భాగంలో అతని ప్రసంగ ధోరణిని బట్టి మళ్లీ పోటీకి సిద్ధమవుతున్నాడని ఆమె గ్రహించి నిలదీస్తుంది. భాగం ముగిసే సరికి రోగం సంగతి దేశానికి వెల్లడవుతుంది. మళ్లీ పోటీ చేస్తారా అని విలేకరి అడిగిన ప్రశ్నకు బార్ట్‌లెట్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని చిరునవ్వుతో నిలబడతాడు. అతడు పోటీ చేస్తాడని ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. ఆ క్షణం రాజకీయ నాటకంగా చాలా గొప్పది. ధారావాహిక మొత్తంలో అభిమానులు ఎక్కువగా తలచుకునే ఘట్టాల్లో ఇదొకటి. కానీ అది ఒక భార్యకు ఇచ్చిన మాట బహిరంగంగా చెల్లకుండా పోయిన క్షణం కూడా. కథనం ప్రేక్షకుడిని ఆ చిరునవ్వు పక్షాన ఎంత బలంగా నిలబెడుతుందంటే, ఈ రెండో సంగతి మొదటిసారి చూస్తున్నప్పుడు తట్టదు. నాకూ తట్టలేదు.

పురాణంలో రోగి, పురాణంలో భార్య

తెలుగు సాహిత్యం చదివినవారికి రోగి అయిన భర్త అనగానే గుర్తొచ్చేది కౌశికుడి కథ. మార్కండేయ పురాణంలోని ఈ కథను తిక్కన శిష్యుడైన మారన ఆ పురాణాన్ని తెలుగు చేయడంతో మనవాళ్లు సొంతం చేసుకున్నారు. సతీ అనసూయ, సతీ సుమతి పేర్లతో చలనచిత్రాలు కూడా వచ్చాయి. ప్రతిష్ఠానపురంలో కుష్ఠురోగి అయిన బ్రాహ్మణుడు కౌశికుడు. తెలుగు నాట సుమతిగా ప్రసిద్ధురాలైన అతని భార్య అతనికి సేవ చేస్తుంది. వేశ్యను చూడాలని అతడు కోరితే భుజాల మీద మోసుకుపోతుంది. చీకట్లో అతని కాలు శూలం మీద ఉన్న మాండవ్యుడికి తగులుతుంది. సూర్యోదయంతో అతడు మరణించాలని ముని శపిస్తాడు. సూర్యుడే ఉదయించకూడదని ఆమె అంటుంది, సూర్యుడు ఆగిపోతాడు. దేవతల ప్రార్థన మీద అనసూయ వచ్చి, ఆమెను ఒప్పించి, సూర్యుడు ఉదయించాక మరణించిన కౌశికుడిని బతికిస్తుంది. అతడు రోగం పోయి యువకుడై లేస్తాడు.

ఈ కథను స్త్రీవాద విమర్శ సరిగానే తప్పుపట్టింది. ఆ వాదాన్ని ఇక్కడ మళ్లీ చెప్పను. నా దృష్టి కథ ముగింపు మీద ఉంది. అతని రోగం పోతుంది. సుకన్య కథలో కూడా అంతే, ముదుసలి చ్యవనుడు అశ్వినీ దేవతల వల్ల యువకుడవుతాడు. సావిత్రి కథలో యముడే వెనక్కి తగ్గుతాడు. ఆర్థర్ ఫ్రాంక్ 1995లో వెలువరించిన గ్రంథంలో రోగ కథనాలను వర్గీకరిస్తూ, ‘నిన్న ఆరోగ్యం, ఇవాళ రోగం, రేపు మళ్లీ ఆరోగ్యం’ అనే నమూనాను ఒక ప్రధాన రకంగా చూపాడు. మన పతివ్రతా కథలన్నీ దాదాపు ఈ నమూనాలో ఒదుగుతాయి. రోగ విముక్తి సేవకు ఫలం, సేవ ఆ ఫలానికి సాధనం. ఫలం ఎలాగూ దక్కుతుంది కనుక సేవ ఎంత భారమైందో కథ అడగవలసిన అవసరం రాదు.

ఈ వరుసలో ఒక్క గాంధారి కథ మాత్రం వేరుగా నిలుస్తుంది. ధృతరాష్ట్రుడి అంధత్వం రోగం కాదు, దానికి వరమూ లేదు. గాంధారి అతని లోపాన్ని తీర్చలేదు, తానూ కళ్లకు గంతలు కట్టుకొంది. దీన్ని సహానుభూతికి పరాకాష్ఠగా చెప్పడం పరిపాటి. సహానుభూతి వేరు, సంరక్షణ వేరు అనడానికి కూడా ఇదే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. భర్త చీకటిలో తానూ ప్రవేశించిన భార్య అతనికి దారి చూపలేదు. ఆ ఇంట్లో చూడగలిగినవారు ఎవరూ మిగలలేదు.

ఆబిగెయిల్ మరో విధంగా ఇదే పొరపాటు చేసింది. భర్త రహస్యంలోకి తానూ ప్రవేశించింది. తానే వైద్యురాలై, తానే మందు రాసి, తానే సూది వేసింది. దగ్గరి బంధువులకు వైద్యం చేయకపోవడమే మంచిదని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నీతి నియమావళి వైద్యులకు చెబుతుంది. దానికి కారణం ప్రేమను శంకించడం కాదు. వైద్యుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని భార్య అడగలేదు, భార్య దాచదలచినవి కొన్ని వైద్యురాలు దాచకూడదు. ఒకే మనిషి రెండు చోట్ల నిలబడితే రెండు చోట్లా చూపు మందగిస్తుంది. ఈ సత్యం బార్ట్‌లెట్‌కు తెలియనిది కాదు. నాలుగో భాగం చివర కూతురు అపహరణకు గురైనప్పుడు, తండ్రిగా ఉన్నవాడు పాలకుడిగా నిష్పక్షపాతంగా ఉండలేడని గుర్తించి అతడు రాజ్యాంగ సవరణ ప్రకారం అధికారాన్ని తాత్కాలికంగా వదులుకుంటాడు. తండ్రి పాలకుడిగా ఉండకూడని సమయం ఉందని గ్రహించినవాడు, భార్య వైద్యురాలిగా ఉండకూడదని మాత్రం ఎన్నో ఏళ్లు గ్రహించలేదు. గ్రహించకపోవడం అతనికి అనుకూలంగా ఉంది మరి. చివరికి మూల్యం ఆమె చెల్లించింది. మూడో భాగంలో తన మీద విచారణ నడుస్తుండగా, భర్త పదవిలో ఉన్నంతకాలం వైద్యవృత్తి అనుమతిని తానే వదులుకుంటుంది.

‘యాప్యం’ అనే మాట

దీర్ఘవ్యాధి గురించి మన సంప్రదాయం ఏమీ ఆలోచించలేదనుకోవడం తొందరపాటు. పురాణం వదిలేసిన చోటును వైద్యశాస్త్రం పట్టుకుంది. చరక సంహిత సూత్రస్థానంలో వ్యాధులను సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, ప్రత్యాఖ్యేయం అని విభజించారు. మొదటి రెండూ నయమయ్యేవి. చివరిది వైద్యుడు చేతులెత్తేసేది. మధ్యలో ఉన్న ‘యాప్యం’ ఈ వ్యాసానికి కావలసిన మాట. ‘యా’ ధాతువుకు ప్రేరణార్థకం నుంచి పుట్టిన ఈ శబ్దానికి ‘గడపదగినది’ అని అర్థం. నయం కాదు, చంపదు, పథ్యంతోనూ మందుతోనూ కాలం గడపాలి. చికిత్స ఆపితే మళ్లీ విజృంభిస్తుంది. కాలయాపన అనే మాటలో ఉన్నదీ ఈ ధాతువే. పనిని వాయిదా వేయడమనే నిందార్థంలో ఇవాళ ఆ మాటను వాడుతున్నాం. కాలాన్ని గడపగలగడమే ఒక విద్య అనే పాత ఛాయ అందులో మరుగున పడింది.

యాప్య రోగంలో ప్రధాన విషయం దేహం కన్నా కాలం. ఎన్నేళ్లు, ఏ పనుల మీద, ఎంత అలసటతో, ఎవరి కోసం? మల్టిపుల్ స్క్లెరోసిస్ తెరిపి ఇచ్చే నెలలు ఎన్నో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఆ తెరిపిలో గడిపే కాలం భార్యాభర్తలిద్దరిదీ. అలాంటప్పుడు ‘ఒకే పదవీకాలం’ అని బార్ట్‌లెట్ ఇచ్చిన మాట కాలపంపకానికి సంబంధించిన ఒడంబడిక అవుతుంది. అతని దేహం మీద ఆమెకు అధికారం ఇచ్చిన మాట కాదది. తమ ఇద్దరికీ చెందిన కాలంలో ఎంత భాగం దేశానికి ఇవ్వవచ్చో ఇద్దరూ కూర్చుని తేల్చుకున్న లెక్క.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. రోగి తన రోగం వల్ల ముందే ఎంతో కోల్పోయాడు. మిగిలిన సత్తువను తనకు ముఖ్యమనిపించిన పనికి వెచ్చించే స్వేచ్ఛనూ దాంపత్యం పేరిట లాక్కుంటే, అతన్ని మనిషిగా కాక రోగిగా మాత్రమే చూస్తున్నట్టు కదా? పైగా ఆరోగ్యంతో ఉన్నవారి మాటలు పరిస్థితి మారితే మారవచ్చునని ఒప్పుకుంటాం. రోగి మాటను మాత్రం శిలాశాసనంగా ఎందుకు పట్టుకోవాలి? ఈ అభ్యంతరంలో సగం నిజమని ఒప్పుకుంటాను. రోగి మనసు మార్చుకోవచ్చు. ఒడంబడికను తిరగరాయమని అడగవచ్చు. కానీ అడగడం వేరు, ఒక్కడే తిరగరాయడం వేరు. బార్ట్‌లెట్ తప్పు మళ్లీ పోటీ చేయడంలో లేదు. పోటీ చేయాలనుకున్న సంగతి భార్య అతని నోట విని తెలుసుకోలేదు, దేశమంతటికీ చేసిన ప్రసంగం నుంచి ఊహించుకోవలసి వచ్చింది. అతని తప్పు అక్కడ ఉంది.

మన వివాహ విధిలోని ‘నాతిచరామి’ అనే ప్రమాణం ఇక్కడ ఉపయోగపడుతుంది. క్రైస్తవ వివాహ ప్రమాణాల్లో రోగంలోనూ ఆరోగ్యంలోనూ అని స్పష్టంగా ఉంటుంది. కాథలిక్ అయిన బార్ట్‌లెట్ ఆ మాట పలికే ఉంటాడు. మన విధిలో ధర్మార్థకామాల పేర్లు వస్తాయి, రోగం పేరు రాదు. అది లోపమని నేననుకోను. ‘అతిచరించను’ అంటే దాటి నడవను అని. లోకవ్యవహారంలో దీన్ని ఏకపత్నీవ్రతానికి పరిమితం చేశాం. ధాత్వర్థం అంత ఇరుకైనది కాదు. తోడున్న మనిషిని దాటి, ఆ మనిషికి చెందిన విషయంలో ఆ మనిషిని అడగకుండా అడుగు వేయడమూ అతిచారమే. ఈ లెక్కన బార్ట్‌లెట్ అతిచరించాడు. పరస్త్రీని కన్నెత్తి చూడకుండానే అతిచరించాడు.

ధారావాహిక ఈ రెండు అపరాధాలనూ ఒకే తూకంతో తూచదని కూడా చెప్పాలి. దేశానికి నిజం చెప్పనందుకు విచారణ జరుగుతుంది, న్యాయవాదులు వస్తారు, పార్లమెంటు అభిశంసన తీర్మానం చేస్తుంది, బార్ట్‌లెట్ తాను తప్పు చేశానని దాన్ని అంగీకరిస్తాడు. అదంతా వారాల తరబడి సాగుతుంది. భార్యకు ఇచ్చిన మాట తప్పినందుకు అలాంటి వేదిక లేదు. దాంపత్యంలో జరిగే అపరాధానికి అభిశంసన తీర్మానం ఉండదు. పడకగదిలో ఒక వాగ్వాదం, కొన్నాళ్ల ముభావం, ఆ తర్వాత అలవాటు. రచయిత లోపమో, జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపడమో నేను తేల్చుకోలేకపోయాను.

చట్టం ఈ చోటును ఎలా చూసిందన్నది కూడా ఆలోచించదగిన విషయం. 1955 హిందూ వివాహ చట్టంలో కుష్ఠురోగం విడాకులకు ఆధారంగా ఉండేది. 2019లో పార్లమెంటు వ్యక్తిగత చట్టాలను సవరించి దాన్ని తొలగించింది. మందులతో నయమవుతున్న రోగాన్ని విడాకులకు కారణంగా ఉంచడం అన్యాయమన్న వాదం గెలిచింది. కౌశికుడి భార్యకు పురాణం విడిచిపోయే దారి చూపలేదు. చట్టం అరవై ఏళ్లకు పైగా ఆ దారి చూపి, తర్వాత మూసింది. రెండు సందర్భాల్లోనూ ప్రశ్న ‘ఉండాలా, పోవాలా’ అన్నదే. ఆబిగెయిల్ కథ మొదలయ్యేది ఆ ప్రశ్న తీరిపోయిన తర్వాత. ఆమె పోవాలనుకోవడం లేదు. ఉండదలచినవారికి ఏ హక్కులుంటాయన్నది ఆమె ప్రశ్న. దానికి చట్టంలో సెక్షన్ లేదు.

శుశ్రూష

ఆ హక్కు ఏమిటో చెప్పడానికి మళ్లీ చరక సంహిత వైపే చూడవలసి వస్తోంది. చికిత్సకు నాలుగు పాదాలు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణాలు. పరిచారకుడికి ఉపచారం తెలియడం, నేర్పు, అనురాగం, శుచి ఉండాలి. అనురాగాన్ని గుణాల్లో ఒకటిగా లెక్కించారు, అదొక్కటే చాలనలేదు. నన్ను ఎక్కువ ఆకర్షించింది రోగికి చెప్పిన గుణాలు. జ్ఞాపకశక్తి, చెప్పినట్టు వినడం, భయపడకపోవడం, వీటితో పాటు ‘జ్ఞాపకత్వం’. ఇక్కడ జ్ఞాపకత్వమంటే గుర్తుంచుకోవడం కాదు, తెలియజేయడం. తన రోగంలో ఏం జరుగుతోందో ఇతరులకు తెలియజెప్పగలగడం రోగి గుణం. రోగి ఊరికే సేవలు అందుకునేవాడు కాడు, చికిత్సకు నాలుగో కాలు. ఆ కాలు తన పని మానేస్తే మిగిలిన మూడూ కుంటుతాయి. సమాచారం ఇవ్వడం రోగి దయ కాదు, అతని బాధ్యత అని దీన్నుంచి తీయవచ్చు.

రెండో వైపు ‘శుశ్రూష’ ఉంది. రోగికి చేసే సేవకు తెలుగులో గౌరవంగా వాడే మాట ఇదే. కానీ వ్యుత్పత్తి చూస్తే ‘శ్రు’ ధాతువుకు ఇచ్ఛార్థంలో ఏర్పడిన రూపం ఇది. వినాలనే కోరిక అని మూలార్థం. గురువు మాట వినాలనే కోరిక గురుసేవగా, ఆ తర్వాత సేవామాత్రంగా అర్థం విస్తరించింది. విస్తరించే క్రమంలో వినడం జారిపోయి చేయడం మిగిలింది. అనేక ఇళ్లలో జరుగుతున్నది కూడా అదే. వేళకు మందు, వేళకు భోజనం, వేళకు పరీక్ష. ఏమనిపిస్తోందని అడిగేవారు ఉండరు. రోగి చెప్పడం, తోడున్నవారు వినడం, తోడున్నవారు చెప్పడం, రోగి వినడం – ఈ రాకపోకలు ఉన్నప్పుడే సేవ శుశ్రూష అవుతుంది. ఆబిగెయిల్‌కు ఉన్న హక్కు ఇదే. భర్తను ఆపే హక్కు ఆమెకు లేదు. చెప్పించుకునే హక్కు, వినిపించుకునే హక్కు ఉన్నాయి.

ఆరో భాగంలో చైనా పర్యటనకు వెళ్తూ బార్ట్‌లెట్ తీవ్రమైన దాడికి గురై కదలలేని స్థితికి వస్తాడు. అయినా పర్యటన విరమించుకోడు. తర్వాత ఆబిగెయిల్ అతని పనిగంటలకు హద్దులు పెట్టడానికి కార్యాలయ సిబ్బందితో తలపడుతుంది. ఇక్కడ ఆమె పక్షాన పూర్తిగా నిలబడలేను. పాతిక మందితో మాట్లాడి అతని దినచర్యను కుదించే ప్రయత్నంలో, అతన్ని దాటి నడవడం ఆమె వైపు నుంచి మొదలవుతుంది. రోగి అతిచరిస్తే కనిపించినంత తేటగా సేవ చేసేవారి అతిచారం కనిపించదు. అది ప్రేమ వేషంలో ఉంటుంది కనుక, దాన్ని తప్పనడానికి రోగికే సిగ్గు వేస్తుంది.

పురాణ కథలన్నిటిలో రోగి భర్త, పరిచారిక భార్య. ఈ ధారావాహిక కూడా ఆ పాత ఏర్పాటును మార్చలేదు, భార్యకు వైద్యపట్టా మాత్రం ఇచ్చింది. భార్య కోసం భర్త చేసిన త్యాగానికి ఆదిపర్వంలో రురుడి కథ ఉంది. పాముకాటుకు మరణించిన ప్రమద్వరకు అతడు తన ఆయుష్షులో సగం ఇస్తాడు. అయితే అది ఒక్క క్షణంలో జరిగే దానం. ఏళ్ల తరబడి గిన్నె కడిగి, పక్క దులిపి చేసే పరిచర్య కాదు. జబ్బుపడిన భార్యను ఏళ్లకేళ్లు చూసుకునే భర్తకు తెలుగులో పేరు లేదు. పతివ్రతకు జంటగా ఉండవలసిన మాట పుట్టలేదు. ఏకపత్నీవ్రతుడంటే ఇంకో స్త్రీని చేరనివాడు, అంతే.

పేరు లేకపోవడం చిన్న విషయం కాదని నాకు మా అమ్మమ్మ, తాతయ్యల వల్ల తెలిసింది. అమ్మమ్మకు కీళ్లవాతం. నాకు ఊహ తెలిసేసరికే ఆమె వేళ్లు వంకరపోయాయి, చేతులు భుజం దాటి పైకి లేచేవి కావు. తాతయ్య ఆమెకు రోజూ తల దువ్వి జడ వేసేవారు. తలుపు దగ్గరికి వేసి వేసేవారు. వీధిలో ఎవరైనా పిలిస్తే దువ్వెనను దిండు కింద పెట్టి బయటికి వచ్చేవారు. అది దాచవలసిన పని అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గర్వంగా చెప్పుకోదగిన పని అని కూడా ఎవరూ చెప్పలేదు. సుమతి కథ తెలిసిన ఊరు మాది, భజనల్లో పాడేవారు కూడా. తాతయ్య చేసే పనికి అలాంటి పాట లేదు.

ఆ తాతయ్యే పెళ్లిళ్ల పిలుపులు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి, ‘ఆవిడ రాలేదు లెండి, కూర్చుంటే లేవలేదు’ అని తానే జవాబు చెప్పి పంపేసేవారు. అందులో అబద్ధం లేదు, ప్రేమ కూడా ఉంది. ఒకసారి మేనకోడలి పెళ్లికి అలాగే చెప్పి పంపారని తెలిసి అమ్మమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ‘నొప్పి నాది, నేను చెబుతాను రాలేనని. రాగలనేమో ఎవరికి తెలుసు’ అని మా అమ్మతో అన్నది. ‘నాతిచరామి’ గురించి పైన రాసిన పేరా చాలావరకు ఆ మాట నుంచి వచ్చింది. చివరికి ఆ పెళ్లికి ఆటో మాట్లాడుకొని ఇద్దరూ వెళ్లారు. అమ్మమ్మ తాళి కట్టే వేళ వరకు కూర్చుని, లేవలేక, నలుగురు సాయం పడితే లేచింది. తాతయ్య చెప్పినట్టే అయింది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు.

తర్వాత్తర్వాత పిలవడానికి ఎవరొచ్చినా తాతయ్య లోపలికి వెళ్లి అడిగి వచ్చి జవాబు చెప్పడం నేను చూశాను. జడ విషయంలో కూడా అంతే. దువ్వెన పట్టుకొని వెనక కూర్చుని ఒక్క క్షణం ఆగేవారు. ‘ఇవాళ జడ వద్దు, ముడి చాలు’ అనేది అమ్మమ్మ కొన్ని రోజులు. ఆయన ముడి వేసేవారు.